ఒళ్లు లేచింది, ఇరుసు లేవలేదు



మన పాత జీపును రెండు అంగుళాలు ఎత్తించామని తెలిశాక నరసరావుపేట హాస్టల్ పిల్లలు రెండు ప్రశ్నలు అడిగారు. ఒకరు, "అన్నా, ఉద్యమానికి ఈ షోకులెందుకు?" అన్నారు. ఇంకొకరు, "ఎత్తేది ఎత్తారు, రెండే ఏంది? ఆరు ఎత్తాల్సింది" అన్నారు. ఈ వారం ఆ రెండు ప్రశ్నలకే జవాబు రాస్తున్నాను. మధ్యలో కాస్త మెకానిక్ పని వస్తుంది. విసుక్కోకుండా చదవండి. చివరికి మనం మాట్లాడుకోవాల్సిన అసలు విషయం ఆ పనిలోనే ఉంది.

ముందు బండి సంగతి. మనది మహీంద్రా ఎంఎం 540. ఏపీ 07 నంబరు, అంటే నరసరావుపేట ఇంకా గుంటూరు జిల్లాలో ఉన్నప్పటిది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి. నాలుగు మూలలా కమాన్ కట్టలే, కాయిల్ స్ప్రింగులు లేవు. దీని వంశం రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపు. 1947లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు ఆ జీపులను ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పేర్లు మారాయి, ఇంజిన్లు మారాయి, కానీ కింద ఆ చాసిస్, ఆ కమాన్ల పద్ధతి పెద్దగా మారలేదు.

పట్నం వాళ్లకు ఇప్పుడు ఇది పాతకాలపు అందం. కడిగి, రంగేసి, ఆదివారం పూట బయటికి తీస్తారు. మా పల్లెల్లో జీపు జ్ఞాపకం వేరే. పోలీసు జీపు వచ్చేది, మగవాళ్లు పొలాల్లోకి పరిగెత్తేవాళ్లు. ఎమర్జెన్సీ రోజుల్లో ఆపరేషన్ల జీపు వచ్చేది, అప్పుడూ పరిగెత్తేవాళ్లే. ఎలక్షన్లప్పుడు మైకు కట్టిన జీపు వచ్చేది, దాని వెనక పిల్లలు పరిగెత్తేవాళ్లు. ఇక ఆసామి జీపు. అది పల్లెలోకి రాదు. పల్లె మొదట్లో ఆగి హారన్ కొడుతుంది. హారన్ విని మనమే పోవాలి.

మా తాత నాగార్జునసాగర్ కట్టుబడిలో రాయి మోశాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. మధ్యలో ఆ పన్నెండేళ్లూ అంత పెద్ద రాతి ఆనకట్ట మనుషుల నెత్తుల మీద లేచింది. ఇంజినీర్లు జీపుల్లో తిరిగేవాళ్లట. తాత ఆ జీపును తుడిచాడు, తోశాడు, బురదలో దిగబడితే భుజం పెట్టి లేపాడు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. కాబట్టి గురజాల వైపు ఒక షెడ్డులో పడి ఉన్న ఈ బండిని చందాలేసుకుని కొన్నప్పుడు పల్లెలో ముసలివాళ్లు దాని చుట్టూ తిరిగి తిరిగి చూశారు. ఇప్పుడు దాన్ని తోలడం ముగ్గురు నేర్చుకున్నారు. అందులో ఒకరు డిగ్రీ చదివే అమ్మాయి.

ఇక మొదటి ప్రశ్న. ఎందుకు ఎత్తాం?

నేను తిరిగిన పల్నాడు ఊళ్లలో సీసీ రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో చూస్తే చాలు, ఊరు ఎక్కడ ఆగి పల్లె ఎక్కడ మొదలవుతుందో చెప్పొచ్చు. బోర్డు అక్కర్లేదు. సిమెంటు పలక అంచు దగ్గర జానెడు దిగుడు ఉంటుంది. ఆ దిగుడు తర్వాత నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు, వానాకాలం చెప్పు వదలని జిగట. ఊరి మురుగు కాలువ అడ్డంగా పారుతుంది. గుంటల్లో మనవాళ్లే క్వారీల దగ్గర పారేసిన నాపరాయి ముక్కలు తెచ్చి పోసుకుంటారు. ఆ ముక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి.

108 అంబులెన్సు ఈ రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. మంచి పథకం, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. వానాకాలంలో ఆ బండి సీసీ రోడ్డు చివర ఆగుతుంది. డ్రైవరు తప్పు కాదు, దిగితే ఎక్కలేడు. అక్కడి వరకు మనిషిని మంచం మీద మోసుకురావాలి. మనం జీపు కొన్నది ఆ మంచం కోసమే.

కొన్నాక మొదటి వానాకాలంలోనే తెలిసింది, పాత కమాన్లతో జీపు కూడా చాలదని. నొప్పులు పడుతున్న ఒక తల్లిని ఎక్కించుకుని వస్తుంటే కాలువ దాటే చోట జీపు పొట్ట రాళ్లకు ఆనుకుని ఆగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. ఎనిమిది మంది బురదలో మోకాళ్ల దాకా దిగి, జాకీ పెట్టి, కింద రాళ్లు తవ్వి, బండిని బయటికి తీసేసరికి నలభై నిమిషాలు పట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు. ఆ నలభై నిమిషాలు ఆమె పెట్టిన కేకలు విన్నవాళ్లెవరూ ఇది షోకు అనరు.

ఇప్పుడు పని. నరసరావుపేటలో లారీల కమాన్ పని చేసే ఒక పెద్దాయన ఉన్నారు. దూదేకుల సాయిబు. నలభై ఏళ్లుగా అదే పని. ఆయన మొదట పానా పట్టలేదు, టేపు పట్టారు. బండిని చదునైన నేల మీద నిలబెట్టి, నాలుగు మూలలా ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచి సుద్దతో రాశారు. డ్రైవరు వైపు వెనక మూల మిగతా వాటికంటే ముప్పావు అంగుళం కిందికి ఉంది. కమాన్లు ఏళ్ల తరబడి బరువు మోసి మోసి వంపు పోగొట్టుకున్నాయి.

"అబ్బాయ్, నువ్వు రెండంగుళాలు ఎత్తమంటున్నావు. అందులో దాదాపు ఒక అంగుళం కొత్త ఎత్తు కాదు, ఈ బండి పోగొట్టుకున్నదే. ముందు దాన్ని దానికిద్దాం, మిగతాది తర్వాత చూద్దాం" అన్నారు. మనం అడిగే ప్రతిదాన్నీ 'ఎక్కువ అడుగుతున్నారు' అనేవాళ్లకు ఈ మాట చెప్పండి.

కమాన్ బండిని ఎత్తడానికి మూడు దారులున్నాయి. కమాను చివర ఊగే షాకిల్ పట్టీలను పొడుగువి వేయడం చవక దారి. నాలుగు అంగుళాలు పొడుగు పెంచితే బండి రెండు అంగుళాలు లేస్తుంది. కానీ ముందు వైపు అలా చేస్తే ఇరుసు వాలు మారిపోతుంది. సైకిల్ ముందు ఫోర్కు కాస్త వాలుగా ఉండబట్టే కదా తిన్నగా పోతుంది. ఆ వాలు తగ్గితే స్టీరింగ్ రోడ్డు మీద అటూ ఇటూ వెతుక్కుంటుంది. రెండో దారి, ఇరుసు కింద ఉన్న కమాన్‌ను తీసి పైన పెట్టడం. బండిని బట్టి అది ఒకేసారి నాలుగైదు అంగుళాలు లేపుతుంది. దానికి వెల్డింగ్ కావాలి, స్టీరింగ్ రాడ్లు మార్చాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడుతుంది. మూడో దారి ఓపిక దారి. కమాన్ కట్టను విప్పి, ఒక్కో పట్టీకి పోయిన వంపు మళ్లీ తెచ్చి, సన్నటి పట్టీ ఒకటి అదనంగా వేయడం.

మేస్త్రీ మూడోదే చేశారు. ముందు రోజే యూ బోల్టుల నట్ల మీద డీజిల్ పోసి నానబెట్టారు. మర్నాడు చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, ఇరుసును విడిగా జాకీ మీద దించారు. మీలో ఎవరైనా ఎప్పుడైనా చేయబోతే ఇది మర్చిపోవద్దు: జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కింద తల పెట్టకూడదు. సెంటర్ బోల్టు విప్పేముందు కట్టను క్లాంపుతో బిగించారు. లేకపోతే వంగి ఉన్న ఉక్కు పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుని చేతులు విరగ్గొడతాయి.

తర్వాత సమ్మెట, దాగలి. పట్టీని దాగలి మీద పెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ దెబ్బ. ప్రతి పది దెబ్బలకూ నేల మీద సుద్దతో గీసిన వంపు మీద పెట్టి చూడటం. "కొలిమిలో ఎర్రగా కాలిస్తే తేలిగ్గా వంగుద్ది కదా" అని మనవాడు ఒకడు అడిగాడు. "వంగుద్ది. కానీ కమాన్ ఉక్కుకి పదును ఉంటది. కాల్చి, మళ్లీ సరిగ్గా పదును పెట్టకపోతే అది చచ్చిన ఇనుమే. వారంలో మళ్లీ కూలబడుద్ది. చల్లగానే కొట్టాలి, టైము పడితే పట్టనీ" అన్నారు. నాలుగు కట్టలకు రెండు రోజులు పట్టింది. మన కుర్రాళ్లు వంతుల వారీగా సమ్మెట వేశారు. ఆ రెండు రోజుల్లో వాళ్లు నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ చెప్పరు.

పాత యూ బోల్టులు మళ్లీ వాడనివ్వలేదు. ఒకసారి బిగుసుకుని సాగిన బోల్టు మళ్లీ అంత గట్టిగా పట్టదు. బుష్‌లు కొత్తవి. షాకబ్జర్లు పొడుగైనవి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు హోస్ లాగినట్టు అవుతుందేమోనని నాలుగు మూలలా చూశారు. వెనక ఇరుసు కింద సన్నటి ఆప్పు పెట్టి షాఫ్ట్ కోణం సరిచేశారు. చాసిస్ మీద ఒక్క కోత లేదు, ఒక్క వెల్డింగ్ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. అందుకే పనికి ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడిగి మరీ మొదలుపెట్టాం. మన బండిని ఆపడానికి సాకు వెతికేవాళ్లు రోడ్డు మీద తక్కువేం లేరు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఆరు ఎందుకు కాదు?

పల్నాడులో పుట్టినవాడికి ఎత్తు మీద మోజు ఎవరూ నేర్పక్కర్లేదు. కోటప్పకొండ తిరునాళ్లకు ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తు అని ఏడాదంతా చెప్పుకునే నేల ఇది. వెనక అద్దం మీద కులం పేరు రాసుకుని, మనిషి ఛాతీ దాకా లేపిన బండ్లు మన పక్కనుంచి దుమ్ము కొట్టుకుంటూ పోతాయి. అవి చూసి చూసి మన కుర్రాడికి కూడా, 'మనదీ వాళ్ల దానికంటే ఎత్తుగా ఉండాలి' అనిపిస్తుంది. ఆ కోరికను నేను వెక్కిరించను. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచినవాళ్ల మనవళ్లం. ఎత్తు మనకు ఊరికే రాలేదు.

అయినా చాళీస్‌గావ్ గుర్తు చేసుకోండి. 1929లో బాబాసాహెబ్ ధూలే నుంచి బొంబాయికి తిరిగిపోతూ మహారాష్ట్రలోని చాళీస్‌గావ్‌లో దిగారు. అక్కడి మహర్లు తమ వాడకు రమ్మని పిలిచారు. స్టేషన్ దగ్గర టాంగావాళ్లు అంటరానివాణ్ణి ఎక్కించుకోమన్నారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది: టాంగా ఇస్తాం, మేం తోలం. మనవాళ్లలోనే ఒకడు పగ్గాలు పట్టాడు. అతనికి తోలడం అలవాటు లేదు. వంతెన దగ్గర చక్రం పక్క రాయికి బలంగా కొట్టుకుంది. బాబాసాహెబ్ ఎగిరి రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. గుర్రం, బండి నదిలో పడ్డాయి. వెయిటింగ్ ఫర్ ఎ వీసాలో ఆయనే ఇదంతా రాశారు. అందులో ఆయన రెండు విషయాలు గమనించారు. బారిస్టర్ అయినా సరే, ఒక అంటరానివాడి కంటే తాను ఎక్కువేనని టాంగావాడు అనుకున్నాడు. ఇక మనవాళ్లు, అతిథి నడిచి వస్తే పరువు తక్కువని, ఆయన క్షేమం కంటే గౌరవానికి పెద్దపీట వేశారు.

మొదటి సంగతి మనం ప్రతి సభలో చెప్పుకుంటాం. రెండో సంగతి తక్కువ చెప్పుకుంటాం. ఆరు అంగుళాలు లేపిన జీపు బరువు కేంద్రం పైకి పోతుంది. పక్కకు వాలిన కాలువ గట్టు మీద, ఎనిమిది మంది కూర్చున్న బండి బోల్తా పడటానికి ఒక్క మలుపు చాలు. ఇంకో సంగతి. చీర కట్టుకున్న డెబ్బై ఏళ్ల నాయనమ్మ ఆరు అంగుళాలు లేచిన జీపు ఎక్కలేదు. కడుపుతో ఉన్న తల్లి ఎక్కలేదు. మేస్త్రీ రెండు అంగుళాల దగ్గర ఆపి, మా పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమ్మను పిలిచి, "ఎక్కి చూడమ్మా" అన్నారు. ఆమె కమ్మీ పట్టుకుని ఎక్కింది. ఇంకొంచెం ఎత్తితే ఎక్కలేనంది. కొలత అక్కడ ఖాయమైంది.

ఇక అసలు విషయం. పని పూర్తయ్యాక అందరం సంతోషంగా చూస్తుంటే మేస్త్రీ నన్ను కింద కూర్చోమన్నారు. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ కింద టేపు పెట్టించారు. నేల నుంచి దాని అడుక్కు ఎంత ఉందో చదవమన్నారు. నిన్నటి కొలతే. ఒక్క నూలు కూడా పెరగలేదు.

కమాను ఎత్తితే ఒళ్లు లేస్తుంది, ఇరుసు లేవదు. ఇది ప్రతి మెకానిక్‌కూ తెలిసిన మాట, బండి కొనేవాడికి తెలియని మాట. దూరం నుంచి చూస్తే బండి ఎత్తుగా కనిపిస్తుంది. అడుగున అన్నిటికంటే కిందుండి రాయికి ముందు తగిలేది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది చక్రం ఒక్కటే. పెద్ద టైరు వేయాలి. అదీ పూర్తిగా రాదు. టైరు అడ్డకొలత రెండు అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక అంగుళమే, ఎందుకంటే సగం ఇరుసుకు పైన ఉంటుంది. మరి ఒళ్లు ఎత్తడం వృథానా? కాదు. ఒళ్లు ఎత్తకపోతే పెద్ద టైరు పట్టడానికి చోటుండదు, మలుపులో బాడీకి రాసుకుంటుంది. ఎత్తు చోటు ఇస్తుంది. ఆ చోట్లో చక్రం పెట్టడం ఇంకో పని. అది చేయకపోతే ఎత్తు చూపుడు సరుకు.

మేం 600-16 టైర్లు తీసి 700-16 వేశాం. ఇరుసు దాదాపు ఒక అంగుళం లేచింది. బ్రేకు కాస్త బరువైంది, డ్రైవర్లకు ఆ మాట చెప్పాం.

ఇప్పుడు మన వైపు తిరగండి. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును సేనాని చేశాడని, చాపకూడు పెట్టాడని కారంపూడి వీరుల ఉత్సవాల్లో గర్వంగా చెప్పుకుంటారు. మంచిదే. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఆ కథ వినడానికి పోవాలంటే మన పల్లెల వాళ్లు ఇంకా బురద దాటాలి. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. పీఠంతో కలిపితే 206 అడుగులు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఇంకో 125 అడుగులు. నేను రెండూ చూశాను, రెండు చోట్లా గుండె నిండింది. అది ఒళ్లు లేవడం. దాన్ని తక్కువ చేయను. కానీ ఎస్సీల జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించి ఖర్చు పెట్టాలని 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. ఆ చట్టం చక్రం. అది మన పల్లె మట్టిని తాకిందా, తిరిగిందా అని అడిగేవాళ్లు ఎంతమంది? మనలో ఒకడు సర్పంచ్ అయ్యాడు, ఒకడు ఎస్సై అయ్యాడు, ఒకరు ఎమ్మెల్యే అయ్యారు. ఒళ్లు లేచింది. పల్లె పొట్టకు రాయి తగులుతూనే ఉంది. వాళ్లు ఇచ్చిన చోట్లో చక్రం బిగించాల్సింది మనమే.

ఇంకో రెండు చిన్న పనులున్నాయి, ఎత్తిన ప్రతి బండికీ తప్పనివి. ఒకటి, యూ బోల్టులు నూటయాభై, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. కమాన్లు కుదురుకునే కొద్దీ నట్లు వదులవుతాయి. గెలిచిన జీవో, శాంక్షన్ అయిన రోడ్డు కూడా అంతే. కాగితం వచ్చిందని ఇంటికి పోతే వదులైపోతుంది. రెండోది, హెడ్‌లైట్లు దించుకోవాలి. బండి లేస్తే వెలుతురు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఎదురొచ్చేది సైకిలు మీద కూలికి పోయే మనిషే కావొచ్చు. పైకి వచ్చిన మనవాళ్లు కూడా ఈ పని చేసుకుంటే బాగుంటుంది.

చివరగా విద్యార్థులకు ఒక పని. సెలవులకు ఇంటికి పోతున్నారు కదా, టేపు ఒకటి తీసుకుపోండి. మీ ఊళ్లో సీసీ రోడ్డు ఎక్కడ ఆగిందో, అక్కడ దిగుడు ఎన్ని అంగుళాలో, అక్కణ్ణుంచి పల్లెలో చివరి ఇంటికి ఎన్ని మీటర్లో కొలవండి. తేదీ వేసి రాసుకోండి. ఆ కొలతతో సమాచార హక్కు కింద మీ పంచాయతీకి దరఖాస్తు పెట్టండి: గత ఐదేళ్లలో ఎస్సీ కాలనీ రోడ్డుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎం-బుక్ నకలు ఇవ్వండి అని. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబులన్నీ ఒకచోట పెడదాం. రెండు అంగుళాల కోసం మనం సమ్మెట పట్టుకోవాల్సి వచ్చిన చోట, మిగతా అంగుళాలు ఎవరి లెక్కలో ఆగాయో తేలుతుంది.

వచ్చే వారం ఎం-బుక్ ఎలా చదవాలో రాస్తాను.

జై భీమ్.